పాతర సంగతి పిల్లకు చెప్పడం

"పుస్తకం ఎక్కడ పెట్టారో చెప్పండి అత్తయ్యా."

"చెప్ప."

"అది నాది కాదు. బడిది. నా పేరు మీద తెచ్చాను."

"ఎవరిదైతే నాకేంది? ఎనిమిదేండ్ల పిల్ల చేతికి గసొంటి బొమ్మలు ఎట్ల ఇచ్చినవ్? కాలిపోయిన ఇండ్లు, పడిపోయిన మనుషులు. గవి చూపిచ్చి పండబెడ్తవా బిడ్డను?"

"నేనివ్వలేదు. నా సంచీలోంచి అదే తీసుకుంది. తీసుకుంది కాబట్టి చదవనిచ్చాను. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చెప్తారు. వాళ్లెలా చెప్తారో నాకూ తెలీదు, మీకూ తెలీదు. దానికన్నా పుస్తకం నయం కదా?"

"ఎవ్వరు చెప్పరు. నేను నా కొడుక్కే చెప్పలే. వాడు మంచిగనే ఉన్నడు."

"మంచిగానే ఉన్నారు. పక్కింటి తాతగారు టోపీ పెట్టుకుని నమాజుకు బయల్దేరితే మీరు మన తలుపు ఎందుకు దగ్గరికి వేస్తారో మాత్రం ఆయనకు తెలీదు. నన్నడిగారు ఒకసారి."

అలా వేస్తానని నాకే తెలియదు. చేతికి అలవాటైన పని మనసుకు తెలియకుండా జరుగుతుంటుంది కదా, అలాంటిది. గడప మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తున్న మనవరాలు ఒలవడం ఆపి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

పుస్తకం జొన్నపిండి డబ్బాలో ఉంది. పిండి అంటకుండా పాత లంగా గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను. ఎవరి డబ్బుతోనో కొన్న వస్తువును పాడుచేయడం నాకు చేతకాదు. కానీ అది పిల్ల కంట మళ్లీ పడకూడదు. ఆ రోజు నా పట్టుదల అంతా అదే.

మాది రాయచూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున దేవసూగూరు దగ్గరి ఊరు. థర్మల్ ప్లాంటు వచ్చినప్పుడు మా చేలు బూడిద చెరువు కిందికి పోయాయి. ఇల్లూ దొడ్డీ మిగిలాయి. దొడ్లో నిలబడితే పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆరేసిన బట్టలు దులపకుండా మడత పెట్టలేం. నా కొడుకుకు ప్లాంటులో పని దొరికింది, షిఫ్టుల మీద పోతాడు. కోడలు సింధనూరు వైపు కాలువల కింది క్యాంపు పిల్ల. వాళ్ల పెద్దలు ఆనకట్ట నిండాక కోస్తా నుంచి వరి పండించడానికి వచ్చినవాళ్లు. పక్క ఊరి బడిలో టీచరు. ఆమె తెలుగు ఒకటి, నా తెలుగు ఒకటి. మనవరాలు నాతో నా మాట, తల్లితో తల్లి మాట, బడిలో కన్నడం, గోడ అవతల ఉర్దూ మాట్లాడుతుంది. ఎక్కడా తడబడదు.

గోడ అవతల ఉండేది జాకెట్లు కుట్టే ఆవిడ. మామ, భర్త, ఒక్కతే కూతురు. ఆ కూతురూ మా పిల్లా ఒకే తరగతి. పిల్ల ఆవిడను ఖాలా అంటుంది, అంటే పిన్ని. మా ఇంట్లో వేరుశనగ చట్నీ నూరితే సగం గోడ దాటుతుంది. వాళ్లింట్లో సేమ్యా వండితే ఆ గిన్నె ముందు మా గడపకు వస్తుంది. నేను ఎవరికీ ఊరకే ఏదీ ఇచ్చే మనిషిని కాను. కానీ ఆ గోడ మీద మాత్రం లెక్క చూసుకోలేదు.

ఆ పుస్తకం కన్నడం. నా చదువు రెండో తరగతితో సరి. అదీ ఉర్దూ అక్షరాలు. నైజాం చివరి రోజుల గడబిడలో బడి మూతపడింది, మళ్లీ నేను పోలేదు. తెలుగు అక్షరాలు అన్న పలక మీద చూసి నేర్చుకున్నవి. కన్నడ అక్షరాలు వాటికి అక్కచెల్లెళ్లు కాబట్టి, వేలు పెట్టి నెట్టుకుంటూ పోతే మాట దొరుకుతుంది. పిల్ల బడికి పోయాక ఒక మధ్యాహ్నం అలాగే వేలు పెట్టి చదివాను. ఆ గడబిడ సంవత్సరం గురించే. ఖాకీ బట్టలు, టోపీలు, తుపాకులు పట్టిన గుంపు ఊళ్లమీద పడడం, ధాన్యం లాక్కోవడం, ఇళ్లు తగలబెట్టడం, చంపడం. చివరి పుటలో సైన్యం వస్తుంది, జెండా ఎక్కుతుంది, పిల్లలకు మిఠాయి పంచుతారు.

అందులో ఒక్క అబద్ధమూ లేదు. నేను భయపడింది అందుకే. అబద్ధమైతే తిట్టి పొయ్యిలో పెట్టేదాన్ని. బొమ్మల్లో ప్రతి దుర్మార్గుడికీ ఒకే గడ్డం, ఒకే టోపీ. అలాంటి టోపీనే గోడ అవతల ఉతికి, కొబ్బరి చిప్పకు బోర్లించి ఆరేస్తుంటారు. పిల్ల దాన్ని రోజూ చూస్తుంది.

నేను అనుకున్నట్టే అయింది. పిల్ల గోడ అవతలికి పోవడం మానేసింది. ఖాలా గిన్నెతో సేమ్యా తెచ్చి పిలిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "కడుపునొప్పి" అంది. ఆవిడ వెళ్లాక నా కొంగు పట్టుకుని, "అవ్వా, ఆ తాత తాన తుపాకి ఉందా?" అని అడిగింది. గుసగుసగా అడిగింది. ఆ గొంతు నాకు తెలుసు. అది నా గొంతు. చిన్నప్పుడు జొన్నల పాతరలో కూర్చుని నేను మా అమ్మను గుసగుసగా అడిగిన గొంతు. ఇన్నేళ్లూ నోరు కట్టుకుని నాలోనే దాచిన భయం, ఒక్క మాటైనా చెప్పకుండానే పిల్లలోకి పోయిందని అప్పుడు తెలిసింది. ఇక ఈ పిల్ల కూడా జన్మంతా ఒక టోపీ కనబడితే తలుపు వేసుకుంటుందా?

ఆ భయంతోనే పుస్తకం దాచాను. ఆ దాచినందుకే ఈ కొట్లాట.

కోడలు గొంతు తగ్గించింది. "పుస్తకంలో సగమే ఉందని మీరే అన్నారు మొన్న ఆయనతో. నేను విన్నాను. మిగతా సగం మీకు తెలుసు. నాకు తెలీదు. మా వాళ్లు అప్పటికి ఇక్కడికి రాలేదు. మీరు దాచాల్సింది పుస్తకం కాదు అత్తయ్యా. దాని పక్కన కూర్చోవాలి మీరు."

"కూసోని?"

"చెప్పాలి."

"నాకు చెప్పరాదు."

"రొట్టెలు చేస్తూ ఊరందరి సంగతులూ చెప్తారు. ఇది చెప్పలేరా?"

టీచరు కదా, ఎక్కడ గిల్లాలో తెలుసు. డబ్బా తెరిచి పుస్తకం తీసి, గుడ్డ విప్పి, ఆమె చేతిలో పెట్టాను. గుడ్డ మాత్రం నేనే ఉంచుకున్నాను.

మరుసటి ఆదివారం పొయ్యి దగ్గర పిల్లను కూర్చోబెట్టుకున్నాను. రొట్టె తడుతూ మొదలుపెట్టాను. చేతులకు పని ఉంటే గొంతు వణకదని నా ఆశ.

"నేను నీ అంత ఉన్నప్పుడు గా పుస్తకంల ఉన్నోళ్లు మా ఊరికొచ్చిండ్రు. నిజమే. కళ్లం కాడ మా చిన్నాయనను కాల్చిండ్రు. అదీ నిజమే. మా నాయన మమ్మల్ని పాతరల దించి మీద మూత పెట్టిండు."

"పాతరంటే?"

"మన దొడ్ల ఉంది చూడు, గసొంటిదే. జొన్నలు పోసేటి గుంత. మూతి చిన్నగ, లోపల ఇల్లంత."

"తర్వాత?"

"తర్వాత సైన్యమొచ్చింది. గాళ్లు పారిపోయిండ్రు. పుస్తకం ఆడికైపోయింది. కానీ ఊళ్ల అయిపోలే. మనోళ్లు టోపీ పెట్టుకున్నోళ్లను ఎవ్వర్ని ఇడ్వలే, తప్పు చేసినోడా చెయ్యనోడా అని చూడలే. మా పరుపులకు దూది ఏకేటాయన ఉండె. తుపాకి ముట్టనోడు. ఆయన పెండ్లాం, ఇద్దరు పిల్లలు మా దొడ్లకు ఉరికొచ్చిండ్రు. మా నాయన వాళ్లను కూడ అదే పాతరల దించిండు."

"ఆయన?"

"ఆయన దూదేకే విల్లు తెచ్చుకుంటనని ఇంటికి పోయిండు. రాలే."

ఎందుకు రాలేదో నేను చెప్పలేదు. పిల్లా అడగలేదు. కాసేపు వేలితో నేలమీది పిండిలో గీతలు గీసింది. అప్పుడు మొదలైంది అడగడం. లోపల చీకటా? ఏం తిన్నారు? దాహమైతే? పిల్లలు ఏడిస్తే వినపడదా? ఎట్లా దిగారు? దిగడానికి గోడకు రెండు వైపులా కాళ్లు పెట్టే గుంటలుంటాయని చెప్పాను.

"మన పాతరకు కూడ ఉన్నయా గుంటలు?"

"ఉన్నయి."

"మూత బరువా?"

పెనం మీద రొట్టె మాడుతోంది. "చాలు తియ్యి, ఎంతసేపు? పోయి నీళ్లు తే" అన్నాను. నాకు అక్కడితో ఆపేయాలని కూడా ఉంది.

సాయంత్రం పిల్ల తనంతట తానే గోడ దాటింది. అవతల ఇద్దరూ నవ్వడం వినపడింది. తాత ఏదో అంటుంటే ఖాలా, "తౌబా, ఈ పిల్లలకు నోరు మూతపడదు" అని తిడుతోంది. కోడలు నా వైపు చూసింది. నేను చూడనట్టు గిన్నెలు తోముకున్నాను. కానీ ప్రాణం కుదుటపడింది. ఒక మధ్యాహ్నంలో, నాలుగు మాటల్లో పని అయిపోయిందనుకున్నాను. పొదుపుగా ముగించాననుకున్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఎక్కడో దూరాన ఏదో ఊళ్లో గొడవ జరిగిందని రేడియోలో వచ్చింది. మా ఊళ్లో ఏమీ లేదు. అయినా పొద్దుటి నుంచే గాలి మారింది. రాయచూరు బస్సులు ఆపేశారన్నారు. కిరాణా కొట్టువాడు సగం తలుపు వేసి బేరం చేస్తున్నాడు. ఖాలా మామ ఆ రోజు టోపీ లేకుండా బయటికి వచ్చి, నన్ను చూసి, "ఖైరియత్ హై అమ్మా, ఏం లేదు" అన్నాడు. నేనడగకుండానే ఏం లేదన్నాడు.

కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు బడిలో. నేను మరకు పోయి పిండి పట్టించుకుని వచ్చేసరికి మా అరుగు మీద రెండు బడి సంచులున్నాయి. ఒకటి మా పిల్లది, ఒకటి అవతలి పిల్లది. బడి తొందరగా వదిలిపెట్టారన్నమాట. ఇంట్లోకి పోయి పిలిచాను. పలకలేదు. గోడ మీదుగా పిలిచాను.

ఖాలా కుట్టు మిషను ఆపి బయటికి వచ్చింది. "మీ తాన లేరా?"

"నీ తాన లేరా?"

ఆవిడ చెప్పులు లేకుండానే వీధిలోకి పరుగెత్తింది. నేను వంటింట్లోకి పోయాను, ఎందుకో తెలియదు. రొట్టెల గంప మీది గుడ్డ పక్కకు ఉంది. పొద్దున చేసిన రొట్టెలు సగం లేవు. నీళ్ల చెంబు లేదు. నా ఇంట్లో చెంబు దాని చోటు కదిలితే నాకు కనపడకుండా ఉండదు. రొట్టెలు, నీళ్లు. పిల్ల అడిగిన మాటలన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. ఏం తిన్నారు? దాహమైతే? మూత బరువా?

మా పాతరకు రాతి పలక మూత ఉండేది. చేలు పోయాక జొన్నలు పోసే పని లేదు, మంచి రాయి ఊరకే పడి ఉందెందుకని దాన్ని తీసి బట్టలుతికే బండ చేసుకున్నాను. పాతర మూతికి చెక్కలు అడ్డం పెట్టి, మీద గోనెసంచీ, దాని మీద బూడిద మెత్తాను. రాయిని ఆ పిల్లలు కదపలేకపోయేవాళ్లు. చెక్కలను కదపగలరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాతర మూత తీయగానే ఎవరూ దిగరు. మూసి ఉన్న పాతరలో గాలి చెడుతుంది. మూత తీసి చాలాసేపు అలా వదిలేయాలి. ఆ తరువాత లాంతరు వెలిగించి తాడుతో అడుగుకంటా దింపాలి. దీపం వెలుగుతుంటే మనిషి దిగవచ్చు. ఆరిపోయిందా, దిగినవాడు పైకి రాడు. కాపాడదామని వెనుక దిగినవాడూ రాడు. ఇది మా పాతకాలం ఇళ్లలో ఒకరు ఒకరికి చెప్పే సంగతి కాదు. పొయ్యి కాలుతుందని ఎవరైనా చెప్తారా? మా నాయన మమ్మల్ని దించిన రోజు కూడా లాంతరు దింపాడు. అమ్మ "జల్ది, జల్ది" అని ఏడుస్తున్నా దింపాడు. అదంతా నా కళ్ల ముందే జరిగింది. రొట్టె తడుతూ పిల్లకు చిన్నాయన సంగతి చెప్పాను, దూదేకులాయన సంగతి చెప్పాను, కాళ్లు పెట్టే గుంటల సంగతి కూడా చెప్పాను. లాంతరు సంగతి చెప్పలేదు. నాకు తట్టనే లేదు.

దొడ్లోకి ఎలా పోయానో గుర్తులేదు. కొట్టం వెనుక చెక్కలు పక్కకు లాగి ఉన్నాయి. మా పిల్ల పాతర మూతి దగ్గర బోర్లా పడుకుని లోపలికి చేయి చాచి ఉంది. మూతిలో అవతలి పిల్ల తల, భుజాలు మాత్రం కనపడుతున్నాయి. కాళ్లు గుంటల్లో పెట్టి దిగుతోంది.

"ఇంకొంచెం దిగు. రొట్టె ఇస్త" అంటోంది మా పిల్ల.

అరిస్తే ఉలిక్కిపడి చేయి వదిలేస్తుందని అరవలేదు. దగ్గరికి పోయి రెండు చేతులతో ఆ పిల్ల జడలు పట్టుకున్నాను. అప్పటికి ఖాలా వీధిలోంచి నా వెనుకే పరుగున వచ్చింది. ఒక చేయి ఆవిడ, ఒక జబ్బ నేను పట్టి పైకి లాగాం. పిల్ల మోకాళ్లు చీరుకుపోయాయి. నొప్పికి కెవ్వుమంది. ఆ కేక విని నాకు ఊపిరి వచ్చింది.

మా పిల్ల లేచి నిలబడింది. మొహం నిండా బూడిద. నన్ను చూసి ఏడవలేదు. కోపంగా చూసింది.

"ఎందుకు తీసినవ్ అవ్వా? వాళ్లొస్తరు. నువ్వే చెప్పినవ్ గద, దూదేకేటోళ్లను పాతరల పెట్టిండ్రని. దాన్ని ముందు దించి, తర్వాత ఖాలాను పిలుద్దమనుకున్న. తాతను కూడ. విల్లు గిల్లు తెస్తనని ఇంటికి పోవద్దని చెప్పాలనుకున్న."

ఖాలా నా వైపు తిరిగింది. ఆవిడకు సగం అర్థమైంది, సగం కాలేదు. "ఏం చెప్పినవ్ అమ్మా పిల్లలకు? క్యా బోలే?"

ఇంట్లోకి పోయి లాంతరు తెచ్చాను. వెలిగించి, బావి తాడు కట్టి, "మా నాయన మమ్మల్ని దించేముందు గిట్లనే చూసిండు. ఆరితే ఎవ్వరు దిగొద్దు" అంటూ వాళ్లందరి ముందూ పాతరలోకి దింపాను. ఇద్దరు పిల్లలూ తొంగి చూడబోతే చేత్తో వెనక్కి నెట్టాను. దీపం గోడలను చూపిస్తూ కొంత దూరం పోయింది. ఆ తరువాత చిన్నదైంది. అడుగు చేరకముందే ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు, గాలి వీచలేదు. ఎన్నో ఏళ్ల వాన తడి, కుళ్లిన ఊక లోపల ఏం తయారు చేసి పెట్టాయో అదే దాన్ని తినేసింది.

ఖాలా ఆ చీకట్లోకి చూసింది. తరువాత కూతురు వీపు మీద ఒక్కటి చరిచింది, వెంటనే దాన్ని గుండెకు అదుముకుంది. మా పిల్ల వైపు కూడా చేయి చాచబోయి, ఎందుకో ఆపేసింది. కూతురిని ఎత్తుకుని పోయి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు నాకు వినపడింది. పగటిపూట ఆ తలుపుకు గడియ పడడం నేనెన్నడూ ఎరుగను.

చెక్కలు మళ్లీ వేసి, ఉతికే బండను దొర్లించుకుని వచ్చి వాటి మీద పెట్టాను. నా వయసుకు అది దొర్లే బండ కాదు. దొర్లింది.

బస్సుల్లేక పొద్దు వాలుతుండగా కోడలు నడుచుకుంటూ వచ్చింది. చివరి పిల్లను ఇంటికి పంపేదాకా బడిలోనే ఉందట. చెప్పులు విడవకముందే అంతా చెప్పాను. నన్ను ఏమైనా అంటుందని చూశాను. అంటే పడడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె అరుగు మీద చతికిలబడి, "చెప్పమని మిమ్మల్ని పీడించింది నేనే కదా" అంది.

"పుస్తకం చదివి భయపడ్డది. నా మాటిని పాతర తెరిసింది. ఏది నయమమ్మా?"

"తెలీదు అత్తయ్యా."

"టీచరువు గద, తెల్వదంటే ఎట్ల?"

"నిజంగా తెలీదు."

ఆ పూట అంతా దాని గురించే ఆలోచించాను. పెద్దవాళ్లం పాత సంగతి వింటే, అయ్యో అలా జరిగిందా అంటాం. పిల్లకు ఆ 'అలా జరిగింది' లేదు. దానికి అది రేపటి పని. ఎవరు వస్తారు, ఎక్కడ దాక్కోవాలి, ఎవరిని దాచాలి. చిన్నాయన చావు విని అది ఏడవలేదని గట్టి పిల్ల అనుకున్నాను. అది ఏడవకుండా లెక్కలు వేసుకుంటోంది. అడిగిన ప్రతి మాటా ఆ లెక్క కోసమే. మాడిన రొట్టె సాకుతో నేను లేచిపోయాను. చెప్పడం మొదలుపెట్టాక, పిల్ల అడగడం ఆపేదాకా లేవకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా, అంతసేపు కూర్చునే ధైర్యం ఆ రోజు నాకు ఉండేదా, ఏమో.

పిల్ల అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుని కలిపి ముద్ద పెట్టబోతే నోరు తెరవకుండా నన్నే చూసింది.

"అవ్వా, మీ నాయన లాంతరు దించిన రోజు అది ఆరిపోయి ఉంటే, వాళ్లను ఏడ పెట్టేటోడు?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దూదేకులాయన పెళ్లాం, పిల్లలు మా దొడ్లో వరుసగా నిలబడ్డట్టు, లాంతరు ఆరిపోయినట్టు కనపడింది. అలా జరగలేదు. కానీ ఎక్కడో ఎవరి దొడ్లోనో జరిగే ఉంటుంది.

"తెల్వదు బిడ్డా" అన్నాను. ఈసారి లేవలేదు. అది ఇంకా ఏమైనా అడుగుతుందని అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి, "వాళ్లొస్తరా?" అంది. "మనూరికి ఇప్పుడెవ్వరు రాలే. వస్తే దాచే పని పెద్దోళ్లది. నీది గాదు" అన్నాను. "నాది గాదా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కాదన్నాను. అప్పుడు నోరు తెరిచింది.

కొడుకు డ్యూటీ దిగి వచ్చాక, పిల్లతో సహా అందరం ఒకే గదిలో పడుకున్నాం. గోడ అవతల మిషను చప్పుడు లేదు. నా భయమంతా ఇప్పుడు ఆ తలుపు మీదే ఉంది. ఆవిడ గడియ తీయకపోతే, మా పిల్ల మనసులో పుస్తకం బొమ్మే మిగిలిపోతుంది.

మరునాడు పొద్దున కొడుకు ప్లాంటు వైపు పోయి ట్రాక్టరు బూడిద తెచ్చాడు. పిల్లను ఇంట్లో ఉంచి, పాతర మూతి మీది బండ తీసి, బూడిద లోపలికి తోయించాం. మొదట్లో చప్పుడు లేదు, తరువాత మెత్తగా వినపడింది. నిండేదాకా ఖాలా గోడ అవతల నిలబడి చూసింది. పలకరించలేదు. నిండాక నీళ్లు చల్లి తొక్కించాం.

ట్రాక్టరు వెళ్లాక ఆవిడ మా అరుగు దగ్గరికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. కూతుర్ని మామ దగ్గర వదిలి వచ్చింది.

"రాత్రి నా బిడ్డ చెప్పింది. ఆ కితాబు ఉందా?" అంది కోడలితో.

"ఉంది."

"నాకు కన్నడం చదువరాదు. ముందు నాకు చదివి చెప్పు. అంతా. ఏం దాచకు. పిల్లలకు చెప్పాలా వద్దా, ఆమీద చూద్దాం."

కోడలు పుస్తకం తెచ్చింది. నేను చాప పరిచాను. ఖాలా ఒక కొసన కూర్చుంది, నేను ఇంకో కొసన. కోడలు మధ్యలో కూర్చుని మొదటి పుట తీసి, కన్నడంలో ఒక వాక్యం చదివి దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. బొమ్మ వచ్చిన చోట ఖాలా చేయి అడ్డం పెట్టి ఆపింది. టోపీల మీద వేలుంచి చాలాసేపు చూసింది. తరువాత, "చదువు" అంది.